ఆయన ఆగాడు, ఆవిడ బయల్దేరింది

బస్టాండు నడిమధ్యలో వీపు మీది సంచి దించి, దాని మీదే చతికిలబడి, "నేనింక ఒక్క అడుగు కూడా వెయ్యను. మీరు వెళ్తే వెళ్ళండి" అని సిస్టరమ్మ తెగేసి చెప్పిన చోట కిందటి వారం కథ ఆగింది. ఏడాది పైబడ్డ ప్రయాణంలో ఆవిడ మొగుడికి ఎదురు చెప్పడం అదే మొదలు. కొండల మీదికి వెళ్ళే బస్సు వాళ్ళ కళ్ళముందే కదిలింది. దాని వెనకద్దం మలుపు తిరిగి మాయమయ్యేదాకా చూస్తూ నిలబడ్డ ఎక్స్‌ప్రెస్, ఇంకేం చెయ్యాలో తోచక తన సంచి కూడా దించాడు.

ఎక్స్‌ప్రెస్ అనేది ఆయనకి డిపోలో వాళ్ళు పెట్టిన పేరు. ఉద్యోగమంతా ఎక్స్‌ప్రెస్ బస్సులే నడిపాడు. నడకా అంతే, భోజనమూ అంతే, కోపమూ అంతే. ఆవిడ సర్కారు ఆసుపత్రిలో నర్సు, అందుకే అందరికీ సిస్టరమ్మ. ఇద్దరూ రిటైరయ్యాక ఇక ఇంటి పట్టున టీవీ చూసుకుంటూ కాలక్షేపం చేస్తారని చుట్టాలంతా అనుకుంటూ ఉండగానే, వీపులకి చెరో సంచీ తగిలించుకుని ఆసియా చూసొస్తామంటూ బయల్దేరారు. కాలేజీ పిల్లలు దిగే చవక లాడ్జీల్లో దిగారు. బస్సు మీద బస్సు, రైలు మీద రైలు, మధ్యలో పడవలు. ఎప్పుడూ ముందు ఆయన, వెనక ఆవిడ.

చివరికి ఈ కొండల కింది ఊరు చేరారు. ఇక్కడి నుంచి ఒక్క రోజు ప్రయాణం చేస్తే పెద్ద కనుమ. రెండు మంచు కొండల సందులోంచి, మేఘాల కంటే ఎత్తున రోడ్డు వేశారక్కడ. "అంత ఎత్తులో రోడ్డంటూ ఉన్నాక, దాని మీద నిలబడకుండా పోతే నా లైసెన్సు ఎందుకూ, చింపెయ్యడానికా?" అనేవాడు ఎక్స్‌ప్రెస్. బయల్దేరిన రోజు నుంచీ ఆయన చూపంతా ఆ కనుమ మీదే. దానికి ఒక్క బస్సు దూరంలో ఆవిడ చతికిలబడింది.

"ఒక్క వారం," అన్నాడాయన, వేలు చూపించి. "వారం దాటితే నేనొప్పుకోను."

"వారమో, వర్జ్యమో, ముందు పక్క చూపించండి. పడుకోవాలి," అందావిడ.

గది బస్టాండు వెనక సందులో, ఒక లాండ్రీ మేడ మీద దొరికింది. ఊళ్ళో లాడ్జీలన్నిటి దుప్పట్లూ, దిండు గలీబులూ ఉతుక్కి ఆ లాండ్రీకే వచ్చేవి. కింద పెద్ద పెద్ద తొట్లు, ఇస్త్రీ బల్లలు, ఆవిరి. ఆ ఆవిరికి మెట్లు కూడా వెచ్చగా ఉండేవి. మేడ మీద సగం గది, సగం డాబా. డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరికి తీగలు కట్టి తెల్ల దుప్పట్లు ఆరేసేవారు. గాలి వీచినప్పుడు గది కిటికీలోంచి చూస్తే, దుప్పట్లు పైకి లేచిన ప్రతిసారీ వాటి కింద నుంచి కొండలు కనిపించి మళ్ళీ దాక్కునేవి.

మొదట్లో సిస్టరమ్మ నిద్రే పోయింది. మామూలు నిద్ర కాదు, ఒళ్ళు మరిచిన నిద్ర. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నైట్ డ్యూటీలతో ఆవిడ నిద్ర ముక్కలు ముక్కలుగానే గడిచింది. ప్రయాణం మొదలుపెట్టాక బస్సు సీట్లలో, రైల్వే బెంచీల మీద, ఎవరిదో తెలియని పై బెర్తు కింద. కళ్ళు తెరవగానే ఇది ఏ ఊరు, స్విచ్చి ఏ గోడకుంది, చెప్పులు ఎటు పెట్టాను అని తడుముకోవడమే సరిపోయేది. ఇక్కడ రెండో పొద్దున్నే చెయ్యి చాస్తే స్విచ్చి దానంతటదే తగిలింది. ఆవిడకి నవ్వొచ్చింది.

బల్ల మీద దువ్వెన పెట్టడం, మర్నాడు అదే చోటి నుంచి తీసుకోవడం. ఇంత చిన్న విషయం ఇంత సుఖమని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నమ్మేది కాదు. సంచిలో ఉన్నవన్నీ కుమ్మరించి ఉతికింది. సంచినే తలకిందులుగా తీగకి వేలాడదీసింది. ఏ దేశం ఇసుకో, ఏ దేశం మట్టో, దాని మూలల్లోంచి జలజలా రాలింది. తీరిగ్గా తలంటుకుని, కుర్చీ డాబా మీదికి లాక్కుని, దుప్పట్ల మధ్య కూర్చుని ఎండలో జుట్టు ఆరబెట్టుకుంది. ఆ రోజు ఆవిడ చేసిన పని అదొక్కటే. చీకటి పడ్డాక ఆలోచిస్తే, ఆ రోజే అన్నిటికంటే నిండుగా గడిచినట్టనిపించింది.

లాండ్రీ నడిపే ఆవిడ మనిషి పొట్టి, గొంతు గట్టిది. సిస్టరమ్మని తమ భాషలో అక్కా అని పిలిచేది. ఇద్దరి మాటలూ రెండు భాషల ముక్కలు, చేతి సైగలు, మొహంలో కవళికలు కలిపి అల్లుకున్నవి. అయినా పనికేం లోటు రాలేదు.

"అక్కా, నీ మొగుడికి కాళ్ళల్లో చక్రాలున్నాయా?" అని అడిగిందొక రోజు, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దుప్పటి మడతపెడుతూ ఉంటే.

"చక్రాలే. బ్రేకులే లేవు," అంది సిస్టరమ్మ.

నిజానికి ఆ వారమంతా ఎక్స్‌ప్రెస్ ఒక్క పూట కూడా గదిలో ఉండలేదు. సంచి ముడి విప్పలేదు. తువ్వాలు కావాలంటే పైనుంచి చెయ్యి దూర్చి లాక్కునేవాడు, మళ్ళీ బిగించేవాడు. తెల్లారగానే బూట్లు వేసుకుని బస్టాండుకి పోయేవాడు. అక్కడ వచ్చే బస్సులూ పోయే బస్సులూ చూడటం, రివర్సు తీసే డ్రైవరుకి వెనక నిలబడి రైట్ రైట్ అంటూ చెయ్యి ఊపడం. వాళ్ళకి భాష రాకపోయినా ఆ చెయ్యి అర్థమయ్యేది. కనుమకి బస్సు నడిపే బొద్దుమీసాల డ్రైవరుతో దోస్తీ కూడా కుదిరింది. ఇద్దరూ స్టీరింగు తిప్పినట్టు గాలిలో చేతులు తిప్పుకుంటూ గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేవారు. మిగతా వేళల్లో ఊరి వీధులన్నీ కొలిచేవాడు. పల్లం నుంచి మిట్టకి, మిట్ట నుంచి పల్లానికి. గదికి తిరిగొచ్చి, "ఇంకా పడుకునే ఉన్నావా?" అనేవాడు, ఆవిడేదో తప్పు చేస్తూ పట్టుబడినట్టు.

"పడుకోవడానికేగా ఆగింది," అనేదావిడ, పక్కకి తిరిగి.

వారం తిరిగింది. ఆ రోజు మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్ మెట్లెక్కి వచ్చిన చప్పుడుకే సిస్టరమ్మకి సంగతి అర్థమైంది. ఆయన ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతున్నాడు. గుమ్మంలోకి వచ్చేసరికి మాత్రం ఎప్పటిలా నిటారుగా నిలబడ్డాడు.

"ఏమోయ్, సర్దు. పైన మంచు మొదలవబోతోందట. ఇవాళో రేపో కనుమ మూసేస్తారు. మనవాడి బస్సు రేపు పొద్దున్నే. ఇదే ఆఖరుదో, దాని తర్వాతదో. నీకు ఒంట్లో బాగాలేకపోయినా సరే..."

"బాగానే ఉంది. సర్దేశాను," అంది.

ఆయన చూశాడు. మంచం పక్కన ఆవిడ సంచి బిగించి సిద్ధంగా ఉంది. ఇదివరకటి దానిలో సగం కూడా లేదు. మొహం చూశాడు. కళ్ళ కింది నల్లటి చారలు పోయాయి. చెంపలు తేటగా ఉన్నాయి. పోట్లాటకి అన్నీ సిద్ధం చేసుకుని వచ్చిన మనిషికి పోట్లాట దొరక్కపోతే ఎలా ఉంటుందో అలా నిలబడ్డాడు.

"మరింకేం," అని గొణిగి, బింకానికి తన సంచి భుజానికెత్తబోయాడు. ఎత్తాడు కూడా. తిరిగి ఒక్కడుగు వెయ్యబోయేసరికి కుడి మోకాలు మడత పడింది. సంచితో సహా గోడకి జారగిలబడి కింద కూర్చుండిపోయాడు.

చప్పుడుకి కింద నుంచి లాండ్రీ ఆవిడ "ఏమైంది?" అని కేకేసింది.

"ఏం లేదు! కాలు జారింది!" అని తెలుగులోనే అరిచాడాయన.

సిస్టరమ్మ పక్కన కూర్చుని, ప్యాంటు మోకాలి పైకి మడిచింది. మోకాలు ఉబ్బి నున్నగా మెరుస్తోంది. వేలు ఆనిస్తే ఆయన పళ్ళు బిగించాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నిన్నటి నుంచే."

"నేనడిగింది నర్సుగా. పెళ్ళానికి చెప్పినట్టు చెప్పకండి."

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. "పడవ దిగిన దగ్గర్నుంచి."

అంటే నెలలు. అంటే కిందటి దేశం నుంచీ, అంతకు ముందరి దేశం నుంచీ. ఆవిడకి కోపం ముంచుకొచ్చింది. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. రెండూ మింగేసింది.

"ఆ రోజు బస్టాండులో నేను కూలబడ్డానని వారమంతా మొహం ముడుచుకున్నారే. నేను కూలబడకపోతే ఆ కొండ మీద మీరు కూలబడేవారు. రేపు మీరు ఆ బస్సెక్కడం లేదు."

"ఎక్కుతాను."

"ఎక్కలేరు. ఈ మెట్లే ఎక్కలేకపోయారు, నేను వినలేదనుకున్నారా?"

"అయితే ఇంటికి పోదాం!" అని ఒక్కసారిగా అరిచాడాయన. "అయిపోయింది. ఇక్కడితో ఆఖరు. రేపు కింది బస్సెక్కి ఇంటికే పోదాం. అంతేగాని నన్ను మాత్రం ఈ గదిలో కూర్చోబెట్టకు!"

ఆ గొంతులో ఉన్నది కోపం కాదు. సిస్టరమ్మ ఎన్ని వార్డుల్లో ఎందరి గొంతులు వినలేదు! అది భయం.

"కూర్చుంటే ఏమవుతుందండీ?" అంది, గొంతు తగ్గించి.

డాబా మీద దుప్పట్లు టపటపా కొట్టుకుంటున్నాయి. చివరికి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"బావ ఏమయ్యాడు?"

డిపోలో చిన్నా పెద్దా అంతా బావ అని పిలిచే కండక్టరతను. ఎక్స్‌ప్రెస్ బస్సు మీద ఎక్కువ కాలం పనిచేసింది అతనే. విజిలు ఊదితే బండి కదలాలి, ఊదనంతసేపూ నవ్వు. రిటైరైన మొదటి రోజే వరండాలో కుర్చీ వేసుకుని, "ఇన్నాళ్ళూ నిలబడే బతికాను, ఇక కాస్త కూర్చుంటాను రా" అన్నాడు. ఆ చలికాలం గడవకముందే అదే కుర్చీలో పోయాడు.

"రెస్టు అన్న మాట వింటే చాలు, నాకు ఆ కుర్చీయే కనిపిస్తుంది," అన్నాడు ఎక్స్‌ప్రెస్. "బండి ఆగితే చాలు ఇంజను చల్లబడిపోతుంది. నేను కూర్చుంటే ఇంక లేవను. అది నాకు తెలుసు. అందుకే బయల్దేరదీశాను నిన్ను. ఆసియా చూడటానికి కాదు. ఎక్కడా ఆగకుండా ఉండటానికి."

సిస్టరమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి అలాగే ఉంచింది. ఇన్నేళ్ళుగా నోట్లోనే దాచుకున్న మాట ఒకటుంది. చెప్పనని మాటిచ్చింది. మాట తీసుకున్న మనిషి లేడు. ఆ మాట దాచినందువల్ల ఇప్పుడు ఉన్న మనిషికి నష్టం.

"బావని చంపింది కుర్చీ కాదండీ."

ఆయన తలెత్తాడు.

"ఆయనకి గుండె జబ్బు. రిటైరవడానికి చాలా ముందే తెలిసింది. మా ఆసుపత్రికే వచ్చాడు. సెలవు పెట్టి పడుకోమని డాక్టరుగారు మొత్తుకున్నారు, నేనూ మొత్తుకున్నాను. వింటేనా? మీకు చెబుతానంటే, చెప్పనని నా చేత చేతిలో చెయ్యేయించుకున్నాడు. చెబితే వాడు నన్ను బండెక్కనివ్వడు చెల్లెమ్మా, వాడి బండి కాకపోతే నాకు డ్యూటీయే వద్దు అన్నాడు. నిలబడి నిలబడి, ఆగకుండా తిరిగి తిరిగి, గుండె అరిగిపోయి వచ్చి కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఆయన సుఖంగా ఉన్నది ఆ నాలుగు రోజులే. వాళ్ళావిడ నాతో అంది, ఆయన మొహం అంత తేటగా పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదని."

ఎక్స్‌ప్రెస్ తల అడ్డంగా ఊపాడు. "నాతో ఎవ్వరూ అనలేదే."

"ఇప్పుడంటున్నాను. బావ ఆగి పోలేదు. ఆగాల్సినప్పుడు ఆగక పోయాడు. మీరూ అదే చేస్తున్నారు, ఆయన పేరు చెప్పి."

గోడకి ఆనుకుని, సంచి పట్టీ ఇంకా భుజానికి ఉండగానే, ఎక్స్‌ప్రెస్ ఏడ్చాడు. మగవాళ్ళ ఏడుపు చూసీ చూడనట్టుండటం నర్సులకి అలవాటే. ఆవిడ లేచి, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, పట్టీ భుజం నుంచి నెమ్మదిగా తప్పించింది. తర్వాత బూట్లు విప్పింది. ఆయన కాదనలేదు.

కాసేపటికి ముక్కు చీది, "సరే," అన్నాడు. "ఉంటాను. ఆ కనుమ ఇక రాసిపెట్టి లేదనుకుంటాను. వచ్చే ఏడాదికి మనం ఉంటామో, అది ఉంటుందో."

"రాసిపెట్టి లేనిది మీకు," అంది సిస్టరమ్మ. "నేను రేపు వెళ్తున్నాను."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

"నువ్వా? ఒక్కదానివా?"

"ఒక్కదాన్నే."

"నీకేం పిచ్చా? భాష రాదు. తోవ తెలీదు. అసలు కనుమంటే నీకెందుకు, అది నా..."

"మీదే. కాదనను. మీ వెనక నడుస్తున్నంత కాలం నేను కొండలు చూడలేదండీ, మీ సంచి చూశాను. మీరు ఆగితే ఆగడం, కదిలితే కదలడం. ఈ వారం ఆ కిటికీ దగ్గర పడుకుని, దుప్పటి లేచినప్పుడల్లా ఆ కొండల్ని చూశాను. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఇంకో రంగు. చూసి చూసి, అవతల ఏముందో చూడాలనిపించింది. ఎవరి వెనకో కాదు. నాకే అనిపించింది. ఇన్ని దేశాలు తిరిగితే రాని కోరిక, కదలకుండా పడుకుంటే వచ్చింది. దీన్ని వదులుకోమంటారా?"

ఎక్స్‌ప్రెస్ తల తిప్పి ఆ కిటికీ కేసి చూశాడు.

"ఇంకో మాట," అంది, ఈసారి కళ్ళల్లో కొంచెం కొంటెతనం. "మీరు అన్నేళ్ళు బస్సు నడిపారు. ఒక్కసారైనా మీ బస్సెక్కానా నేను? డ్యూటీ దిగి వస్తూ స్టాపులో నిలబడి, మీరు రయ్యిమని పోతుంటే చెయ్యి ఊపాను. రేపు మీ వంతు. నిలబడి ఊపండి."

కింద నుంచి లాండ్రీ ఆవిడ అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. మాటలు తెలియకపోయినా మోకాలు చూసింది, రెండు సంచులు చూసింది, ఇద్దరి మొహాలు చూసింది. ఆవిడకి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"అక్క వెళ్తుందా? వెళ్ళనీ. ఈయన్ని నా మీద వదిలెయ్యి," అంది, నడుం మీద చేతులు పెట్టుకుని. "కూర్చుని గలీబులు మడతపెట్టనీ. కాలు కింద పెడితే తడి దుప్పట్లో చుట్టి తీగకి ఆరేస్తా."

సిస్టరమ్మ అదంతా తెలుగులోకి మార్చి చెప్పేసరికి ఎక్స్‌ప్రెస్‌కి నవ్వాగలేదు. కన్నీళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. ఆ తర్వాత, ఏమనుకున్నాడో ఏమో, తన సంచి దగ్గరికి లాక్కున్నాడు. ముడి విప్పాడు. ఒక్కొక్కటీ బయటికి తీశాడు. నలిగిపోయిన చొక్కాలు, ఎప్పుడో కొని మరిచిపోయిన టోపీ, పెళ్ళాం వెతికి వెతికి వదిలేసిన గోళ్ళకత్తెర. గోడకి మేకు ఉంది. దానికి చొక్కా తగిలించాడు. ఆ గదికి వచ్చిన వారానికి ఆయన ఆ గదిలో దిగాడు.

సిస్టరమ్మ ఆయన్ని మంచం మీద, కాలు కింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టింది. "ఎడం వైపు కిటికీ సీటు తీసుకో," అంటున్నాడు, కళ్ళు మూతలు పడుతూనే. "చక్రం మీది సీటు వద్దు, నడుం పోతుంది. మలుపుల్లో దూరం చూడు, దగ్గర చూడకు. కడుపులో తిప్పదు. మనవాడు మంచి డ్రైవరే, గేరు మాత్రం ఆలస్యంగా..." మాట పూర్తి కాకుండానే గుర్రు మొదలైంది. పట్టపగలు ఆయన నిద్రపోవడం సిస్టరమ్మ చూడలేదెప్పుడూ. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ నిద్రని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

పొద్దున్నే ఆయన వద్దన్నా వినకుండా లాండ్రీ ఆవిడ తోపుడు బండి తెచ్చింది. దుప్పట్లు మోసే బండి. అందులో ఎక్స్‌ప్రెస్‌ని కూర్చోబెట్టి సందులోంచి బస్టాండుకి తోసుకొచ్చింది. బొద్దుమీసాల డ్రైవరు చూసి పగలబడి నవ్వి, చేతులు గాలిలో తిప్పి, హారను కొట్టినట్టు బండి మీద చరిచాడు. ఎక్స్‌ప్రెస్ అతని చొక్కా పట్టుకుని, సిస్టరమ్మ వైపు వేలు చూపించి, తర్వాత అదే వేలు తన కంటికి పెట్టుకుని, ఏదో చెప్పాడు. డ్రైవరు గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆ మాటకి భాష అక్కర్లేదు.

ఆవిడ ఎడం వైపు కిటికీ దగ్గర కూర్చుంది. సంచి ఒళ్ళోనే పట్టింది, అంత తేలిక. బస్సు వెనక్కి కదిలింది. తోపుడు బండిలో కూర్చునే ఎక్స్‌ప్రెస్ చెయ్యెత్తి "రైట్, రైట్, రైట్" అన్నాడు. తర్వాత బస్సు ముందుకి తిరిగింది. ఆయన చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగి, అటూ ఇటూ ఊగింది. అలవాటు లేని చెయ్యి. చిన్నపిల్లాడు ఊపినట్టు ఊపాడు. కిటికీలోంచి ఆవిడా ఊపింది, మలుపు వచ్చేదాకా.

ఆ తర్వాత ఆవిడ కళ్ళ ముందు ఎవరి సంచీ లేదు. దారి ఉంది. బస్సు ఒక్కో మెలికా తిరుగుతూ పైకి పోతుంటే లోయ కిందికి దిగింది. ఊరు చేటంత అయింది, తర్వాత అరచెయ్యంత అయింది. దేవదారు చెట్లు వచ్చాయి, పోయాయి. గడ్డి వచ్చింది, అదీ పోయింది. వట్టి రాయీ, ఆకాశం మిగిలాయి. ముందు సీట్లలో పెద్ద పెద్ద సంచులతో ఉన్న కుర్రకారు తలలు వాల్చి నిద్రలో ఊగుతున్నారు. ఎన్నాళ్ళుగా ఆగకుండా తిరుగుతున్నారో, పాపం. వాళ్ళ మొహాల్లో ఆవిడకి వారం కిందటి తన మొహం కనిపించింది. తను మాత్రం రెప్ప వెయ్యకుండా అన్నీ చూసింది. ఏదీ తప్పిపోనివ్వలేదు. ఇంత మేలుకుని ఎప్పుడున్నాను నేను, అనుకుంది.

కనుమకి ఇక కొద్ది దూరమే ఉందనగా బస్సు ఆగింది.

ముందు ఎర్ర జెండా పట్టుకుని రోడ్డు పనివాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక, కొండ మీద నుంచి దూకిన నీళ్ళకి రోడ్డు సగానికి సగం కొట్టుకుపోయి ఉంది. మిగిలిన అంచు మీద పలకలు పరిచి మనుషులు నడిచే దారి చేశారు. బొద్దుమీసాల డ్రైవరు దిగి వాళ్ళతో మాట్లాడి వచ్చి, బస్సులోకి తల పెట్టి చెప్పాడు. కుర్రాళ్ళలో ఒకడు దాన్ని అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పాడు. బండి ఇక ముందుకి పోదు. ఇక్కడి నుంచి వెనక్కే. కనుమ చూడాలనుకునేవాళ్ళు పలకలు దాటి నడిచి పోవచ్చు, సాయంత్రానికి పైన సత్రం చేరతారు, రోడ్డు పనివాళ్ళ మనిషి ఒకడు తోడొస్తాడు. వెళ్ళేవాళ్ళుంటే ఇప్పుడే దిగాలి.

కుర్రాళ్ళు తమ సంచుల కేసి చూసుకున్నారు. కిటికీలోంచి ఎత్తు చూశారు. ఒకమ్మాయి కళ్ళు మూసుకుని సీట్లో వెనక్కి వాలిపోయింది. "నా వల్ల కాదు," అన్నాడొకడు. ఇంకెవ్వరూ కదల్లేదు.

డ్రైవరు సిస్టరమ్మ కేసి చూశాడు. గుండె మీద చెయ్యేసుకుని ఇచ్చిన మాట అతని మొహంలో కనిపిస్తోంది. కూర్చోండి, వెనక్కి తీసుకుపోతాను అన్నట్టు నెమ్మదిగా చేత్తో చూపించాడు.

ఆవిడ తన కాళ్ళు చూసుకుంది. వారం రోజుల నిద్ర వాటిల్లో నిండుగా ఉంది. సంచి భుజానికి తగిలించుకుని లేచి నిలబడింది. ఆ బస్సులో అందరికంటే పెద్దది ఆవిడే. అందరికంటే ముందు లేచిందీ ఆవిడే. డ్రైవరు మీసాల కింద నవ్వు మెల్లగా పాకింది. తప్పుకుని దారిచ్చాడు. కుర్రాళ్ళలో ఒకడు చప్పట్లు కొట్టాడు, తర్వాత మిగతావాళ్ళూ కొట్టారు.

మెట్టు మీద ఒక కాలు పెట్టింది. చల్లటి గాలి మొహానికి కొట్టింది.

"అమ్మా!"

వెనక నుంచి పిలుపు. బస్సు చిట్టచివరి సీట్లోంచి. సిస్టరమ్మ ఠక్కున ఆగిపోయింది. ఇల్లు వదిలాక మొగుడి నోట తప్ప ఇంకెవరి నోటా వినని భాష అది.

"అమ్మా, నన్నూ తీసుకెళ్ళండి."

వెనక్కి తిరిగింది. మొహం సగం దాకా శాలువా కప్పుకుని ఒక అమ్మాయి సీటు పట్టుకుని నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో. చేతిలో సంచి లేదు, భుజాన ఏమీ లేదు. కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే పలచటి చెప్పులున్నాయి. ఆ అమ్మాయి చూస్తున్నది సిస్టరమ్మని కాదు. వెనకద్దంలోంచి, కింది మెలికల మీద దుమ్ము లేపుకుంటూ పైకి వస్తున్న తెల్ల జీపుని.

"వాళ్ళు ఇక్కడికి వచ్చేలోపల ఆ పలకలు దాటాలమ్మా," అంది.